గినీ కోడి కింద కోడిగుడ్లు

పిల్లలూ,

మీరు అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. "చుక్కల ఈకలుండే గినీ కోడి పొదిగితే మామూలు కోడిగుడ్డులోంచి కూడా గినీ పిల్లే వస్తుందా?" అన్నారు. రాదర్రా. గుడ్డు పెట్టే నాటికే లోపల పెరగబోయేది ఏ పిల్లో ఖాయమైపోయి ఉంటుంది. పొదిగే తల్లి ఇచ్చేది వెచ్చదనం. అది మాత్రం చిన్న పని కాదు.

పొదుగుకొచ్చిన పెట్టకి పొట్ట కింద కొంత మేర ఈకలు రాలిపోతాయి. ఆ బోసి చర్మం నేరుగా గుడ్లకి ఆనుతుంది. గుడ్డుకి కావలసిన వేడి దాదాపు 37.5 డిగ్రీల సెల్సియస్. థర్మామీటరు లేకుండానే ఆ తల్లి దాన్ని నిలబెడుతుంది. రోజుకి ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లని దొర్లిస్తుంది, లేకపోతే లోపలి పిల్ల పెంకు పొరకి అతుక్కుపోతుంది. మేతకీ నీళ్ళకీ కాసేపు లేచి, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

గినీ కోడి ఇంట్లో గంప పెడితే కూర్చునే రకం కాదు. ఎత్తైన గడ్డిలోనో పొదల కిందో దొంగతనంగా గూడు పెట్టుకుంటుంది. ఒకే గూట్లో రెండు మూడు పెట్టలు గుడ్లు పెడతాయి. మామూలు కోడి కూడా గూట్లో గుడ్లు కనబడితే తనదీ ఒకటి పెట్టి పోతుంది. గినీ గుడ్డుని చూడగానే పోల్చవచ్చు. కోడిగుడ్డు కంటే చిన్నది, ఒక చివర బాగా మొన తేలి ఉంటుంది, లేత గోధుమ రంగు మీద సన్నటి చుక్కలు. పెంకు ఎంత గట్టిదంటే, రాత్రి టార్చి వేసి చూసినా లోపలి రక్తనాళాలు కోడిగుడ్డులో కనిపించినంత తేటగా కనబడవు.

అసలు చిక్కు రోజుల లెక్కలో ఉంది. కోడిగుడ్డు 21 రోజులకి పిల్ల అవుతుంది. గినీ గుడ్డుకి 26 నుంచి 28 రోజులు పడుతుంది, బాతు గుడ్డుకి 28. పక్షికి ఈ లెక్క తెలియదు. దానికి తెలిసింది పిల్లల కిచకిచే. ఆ సద్దు విని, ఒకటి రెండు రోజుల్లో పిల్లల్ని వెంటేసుకుని గూడు వదిలేస్తుంది.

ఈ సంగతి నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మొదటిసారి గినీ గుడ్లూ కోడిగుడ్లూ కలిపి ఒకే రోజు పెట్టాను. 21వ రోజున నాలుగు కోడిపిల్లలు వచ్చాయి. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. 23వ రోజు పొద్దున తల్లి వాటిని తీసుకుని వెళ్ళిపోయింది. నేను చూసేసరికి మిగిలిన గుడ్లు చల్లగా ఉన్నాయి. ఒకటి పగలగొట్టి చూస్తే లోపల పిల్ల దాదాపు పూర్తిగా తయారై ఉంది, వీపు మీద గోధుమరంగు చారలతో సహా. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు. తప్పు ఆ తల్లిది కాదు, లెక్క చూసుకోని నాది.

రెండోసారి ముందు గినీ గుడ్లు మాత్రమే ఉంచాను. 28 లోంచి 21 తీస్తే ఏడు కదా, అందుకే ఏడో రోజు రాత్రి, పక్షి కాస్త నెమ్మదిగా ఉండే వేళ చూసుకుని, నాలుగు కోడిగుడ్లు మెల్లగా కిందకి జరిపాను. బుసకొట్టి చేతిమీద పొడిచింది, అయినా పొట్టతో వాటినీ లోపలికి లాక్కుంది. మీరు పెట్టేటప్పుడు ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. స్కెచ్ పెన్ వద్దు, పెంకుకి వేల కొద్దీ సన్నటి రంధ్రాలుంటాయి, రంగు లోపలికి దిగుతుంది. గుర్తు లేని గుడ్డు కనబడితే ఇంకో పెట్ట కొత్తగా పెట్టిందన్నమాట, తీసేయండి. ఆ వారంలో వేయాల్సిన కోడిగుడ్లని మొన కిందికి ఉండేట్టు చల్లని చోట దాచుకోవచ్చు. వేడి తగిలేదాకా లోపల పెరుగుదల ఆగి ఉంటుంది. రోజుకొకటి చొప్పున పెట్టిన గుడ్లు ఒకేసారి పిల్లలవడానికి కారణం కూడా అదే.

పిల్ల బయటికొచ్చే ముందు గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చప్పుడు వినిపిస్తుంది. పిల్ల మొదట లోపలున్న గాలి గదిలోకి ముక్కు దూర్చి ఊపిరి పీల్చుకుంటుంది, తర్వాత ముక్కు మీది చిన్న మొటిమతో పెంకు చిట్లగొడుతుంది. ఆపైన గంటల తరబడి కదలదు. అప్పుడే మన చేతులు ఊరుకోవు! దయచేసి ఒలవకండి. పొరలో ఇంకా నెత్తురు ఉంటుంది, మిగిలిన పచ్చసొన పొట్టలోకి పోతూ ఉంటుంది. ఆ సొనే పిల్లకి మొదటి రెండు రోజుల తిండి.

ఆ రెండోసారి నా గూట్లో రెండు రోజుల తేడాలో ఆరు గినీ పిల్లలు, మూడు కోడిపిల్లలు వచ్చాయి. తల్లీపిల్లల్ని వెంటనే పొడి గదిలోకి మార్చాం. గినీ తల్లి పొద్దున్నే మంచు గడ్డిలో దూరాలు నడుస్తుంది, తడిసిన పసికూనలు చలికి చచ్చిపోతాయి. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేశాం, మునిగిపోకుండా. గినీ పిల్లల మేతలో మాంసకృత్తులు కోడిపిల్లల మేతలో కంటే ఎక్కువ కావాలి, 24 శాతం దాకా. కాబట్టి అందరికీ ఆ మేతే పెట్టాం.

మీ ప్రశ్నకి మిగిలిన సగం జవాబు ఆ మూడు కోడిపిల్లల్లో ఒక పసుపు పిల్ల ఇచ్చింది. తల్లి గద్దని చూసి అరిస్తే గినీ పిల్లలతో పాటే నేలకి అతుక్కుపోయేది. చీకటి పడితే వాటితో పాటే చెట్టెక్కేది. నెలలు గడిచాక ఒక పొద్దున మొదటి గుడ్డు పెట్టింది. పెట్టి లేచి, ఎవరూ నేర్పకుండానే, గినీ కోడిలా కాదు, కొక్కొక్కొక్కో అని అచ్చం కోడిలాగే అరిచింది.

మీ
అమ్మమ్మ