నానమ్మ పెనం, గ్యాస్ లైటర్, చిన్నత్త పెళ్లి కార్డు

చిట్టీ, బుజ్జీ,

మొన్న చిన్నత్త పెళ్లి కార్డుల కోసం ఛత్తా బజార్ వెళ్లాం కదా. ప్రెస్సులో మూలన పడేసిన పాత అచ్చు ప్లేటు మీద చిట్టి వేలితో అటూ ఇటూ రుద్ది, "తాతా, అక్షరాలు కనిపిస్తున్నయి గానీ చేతికి తగుల్తలేవు. మరి ఇంకు వాటికే ఎట్ల అంటుకుంటది?" అని అడిగింది. నేను బేరంలో ఉండి "ఇంటికి పోయినంక చెప్తా" అన్నాను. ఇంటికొచ్చి నిద్రపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ముప్పై ఏళ్లు ప్లేట్లు చేసి బతికిన నన్ను ఈ మాట ఎవరూ అడగలేదు. నాకు నేనే అడుక్కోలేదు, అదీ సిగ్గు.

నానమ్మ నాన్‌స్టిక్ పెనాన్ని బుజ్జి స్టీలు అట్లకాడతో గీకి, చడీచప్పుడు లేకుండా అల్మారాలో పెట్టేసింది గుర్తుందా? (అప్పుడే చెప్పేసుంటే తిట్లు సగం తగ్గేవి.) ఇప్పుడు దోశె వేస్తే అంతా జారుతుంది, గీసిన చోట మాత్రం పట్టేస్తుంది. అక్కడ ఎత్తు లేదు, దిబ్బ లేదు. పైపూత పోయింది, అంతే. పిండికి ఆ చోటు నచ్చింది, మిగతా చోటు నచ్చలేదు. ప్లేటు మీద ఇంకు కథ కూడా ఈ ఇష్టాయిష్టాలదే.

ఈ సంగతి మొదట పట్టుకున్నది బవేరియాలో సెనెఫెల్డర్ అనే నాటకాల రచయిత. తన నాటకాలు చౌకగా అచ్చు వేసుకోవాలని ఆయన తాపత్రయం. 1796లో ఓ రోజు చేతికి కాగితం దొరక్క, చాకలి పద్దును జిడ్డు సిరాతో సున్నపురాయి మీద రాశాడంటారు. ఆ దారినే పోయి, మరో రెండేళ్లకు రాయిని చెక్కకుండానే అచ్చు తీయడం నేర్చాడు. మనింట్లో పరిచిన షాబాదు బండ కూడా సున్నపురాయే. దాని మీద నూనె ఒలికితే మరక పోదని నానమ్మ గొణుగుతుంది చూడండి, ఆ గొణుగుడులోనే లితో అచ్చు, అంటే రాతి అచ్చు, మొత్తం ఉంది. రాయి తడిపితే జిడ్డు లేని చోట నీళ్లు నిలుస్తాయి. జిడ్డున్న చోట నిలవవు. తర్వాత జిడ్డు ఇంకు పూస్తే అది నీళ్లను వదిలి జిడ్డు దగ్గరికే పోతుంది.

నాకిది ఎనిమిదేళ్లప్పుడే తెలియాల్సింది. మా బాపు ఒక లితో ప్రెస్సులో రాళ్లు నూరేవాడు. ఒక పని అయిపోయాక రాయి మీద ఇసుక, నీళ్లు పోసి, ఇంకో రాయితో గుండ్రంగా రుద్ది పాత రాతను పోగొట్టాలి. మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా తీసుకెళ్లేవాణ్ణి. కాతిబ్ సాబ్, అంటే అందంగా రాసిపెట్టే లేఖకుడు, ఉర్దూలో జిడ్డు సిరాతో కాగితం మీద రాసేవాడు, దాన్ని రాయి మీదికి దించేవారు. అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి పడేవి. ఒక రోజు, కొత్త జిడ్డు అంటకుండా కాపాడే తుమ్మ జిగురు ఇంకా పట్టించని రాయి నున్నగా కనిపించింది. మామిడికాయ తొక్కు తిన్న చేత్తో ముట్టుకున్నాను. అచ్చు మొదలుపెడితే ప్రతి కాగితం మీదా ఓ మూల నా బొటనవేలు, గీతలతో సహా! బాపు కాగితం చూశాడు, నా వేలు చూశాడు. ఏమీ అనలేదు. మళ్లీ ఇసుక తెచ్చుకున్నాడు.

తర్వాత రాళ్లు పోయి అల్యూమినియం ప్లేట్లు వచ్చాయి, కిటుకు మాత్రం అదే, నీళ్లూ జిడ్డూ. నేనూ ఆ పనిలోకే వచ్చాను. ఫిల్ము తీయడం, ప్లేటు మీద పరిచి దీపం కింద కాల్చడం, మందుతో కడగడం. మాఘమాసం ముహూర్తాలొస్తే నిద్రుండేది కాదు. ఆ రోజుల్లోనే ఒక వార్త చదివి నాకు టెన్షన్ పట్టుకుంది. 1991లో చికాగో ప్రదర్శనలో జర్మనీకి చెందిన హైడెల్‌బర్గ్ వాళ్లు జీటీఓ-డీఐ అనే మెషీన్ చూపించారు. అందులో ప్లేటు చేసే కిటుకు అమెరికా కంపెనీ ప్రెస్‌టెక్‌ది. ఫిల్ము లేదు, మందు లేదు, నాలాంటివాడూ అక్కర్లేదు. ప్లేటును మెషీన్‌కే చుట్టి, అక్కడే మెరుపులతో రాస్తారట!

మళ్లీ పెనం దగ్గరికి రండి. ఆ ప్లేటు అచ్చం నాన్‌స్టిక్ పెనమే. అడుగున పాలిస్టర్, దాని మీద పల్చటి అల్యూమినియం పొర, పైన సిలికాన్ పూత. సిలికాన్‌కు ఇంకు అంటదు, అందుకే దీనికి నీళ్లతో పని లేదు. మరి అట్లకాడ ఏది? గ్యాస్ లైటర్! టిక్కుమనిపిస్తే చివర నీలంగా మెరుస్తుంది చూడండి, అదే. కంప్యూటర్ చెప్పిన చోట సన్నని సూదుల నుంచి అలాంటి మెరుపు దూకుతుంది. సూది ప్లేటును తాకదు. కింద లోహం ఉంది కాబట్టి మెరుపే దాన్ని వెతుక్కుంటూ పోతుంది. పడిన చోట సిలికానూ అల్యూమినియమూ లేచిపోయి, ఇంకుకు నచ్చే పాలిస్టర్ బయటపడుతుంది. అంగుళానికి వెయ్యికి పైగా చుక్కలు! నీలం, గులాబీ, పసుపు, నలుపు రంగులకు నాలుగు పెనాలు, నాలుగూ ఒకేసారి. చివర్న ఆ పొట్టు తుడిచేసి దోశె, అదే ఇంకు, వేయడమే. ఆ దోశె ముందు రబ్బరు చుట్ట మీదికి, అక్కణ్ణుంచి కాగితం మీదికి... సరే, ఇక్కడ నా పెనం కుంటుతోంది, వదిలేద్దాం.

ఇంత చేసీ ఆ మెరుపులు ఎక్కువ కాలం నిలవలేదు. రెండు మూడేళ్లకే వాటి చోట లేజర్ వచ్చింది. మెరుపు ఎందుకు ఓడిందో నేను చెప్పను. రాత్రి వంటయ్యాక సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయించి, లైటు ఆపి, నానమ్మను పక్కన ఉంచుకుని లైటర్ ఓ ఇరవైసార్లు నొక్కించండి. మీరు దూరంగా నిలబడే చూడండి. ఆ నీలం గీత ప్రతిసారీ ఒకే చోట నుంచి దూకిందా, ఒకే చోట పడిందా? చూసింది చూసినట్టు బొమ్మ గీసి పంపండి.

మీ తాత