‘ఎవురె’లో మొదటి ఎకారం

నైజీరియాలో నైరుతి మూలన, పక్కనే ఉన్న బెనిన్, టోగోల్లో కొంత మేర యొరుబా మాట్లాడతారు. వాళ్ల భాషలో మేక ‘ఎవురె’. అక్కడి మేక పొట్టి కాళ్లది. సెట్సీ ఈగలు తెచ్చే రోగానికి, సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సహేలు వైపు పొడుగు కాళ్ల జాతులు పడిపోతాయి గానీ, ఇది తట్టుకుంటుంది.

ఆ పేరును తెలుగులో రాస్తే రెండు ఎకారాలూ ఒకేలా కనిపిస్తాయి. యొరుబాలో అవి వేర్వేరు అక్షరాలు. మొదటిది ఇరుకు ఎ. చివరిది నోరు ఇంకాస్త తెరిచి పలికే వెడల్పు ఎ, రాసేటప్పుడు దాని కింద చుక్క పెడతారు. ఈ తేడా మన నోటికీ తెలుసు, రాతకే తెలీదు. ‘మేకు’, ‘మేక’ అని వెంటవెంటనే అని చూడండి. మేకలో ఏ కొంచెం వెడల్పుగా వస్తుంది, వెనకాల అకారం ఉంది కాబట్టి. మనకు దీనివల్ల అర్థం మారదు కనుక ప్రత్యేకంగా అక్షరం అవసరపడలేదు.

యొరుబాలో ఒకారానికీ ఇలాగే రెండు రూపాలున్నాయి. సమాసాలు, అరువు మాటలు పక్కన పెడితే, ఒకే మాటలో ఇరుకువీ వెడల్పువీ సాధారణంగా కలవవు. ఆకు ‘ఎవె’: రెండూ ఇరుకు. పక్షి ‘ఎయె’: రెండూ వెడల్పు. మరి మేక పేరు ఇరుకుగా మొదలై వెడల్పుగా ఎందుకు ముగుస్తోంది?

మధ్యలో ఉన్న ఉకారం వల్ల. వెడల్పు గుణం మాట చివరి నుంచి వెనక్కి పాకుతుంది. ప్రామాణిక యొరుబాలో ఇ, ఉ దగ్గరికి రాగానే అది ఆగిపోతుంది. పేరుకు వాడే ‘ఒరుకొ’, పెండలం పిండికి వాడే ‘ఎలుబొ’ కూడా ఈ బాపతే. ఇఫె అనే ఊరి పలుకుబడిలో అది ఉకారాన్ని దాటేసి మొదటి అచ్చును పట్టుకుంటుంది, అందుకే అక్కడి మేక రెండు వైపులా వెడల్పే. ఎకితి, అకురె ప్రాంతాల్లో ఉకారం కూడా లొంగిపోయి తనూ కాస్త వదులవుతుంది. అడ్డుకోవడం, దారివ్వడం, తనూ మారడం: భాషాశాస్త్రంలో స్వరసమీకరణం గురించి, అంటే ఒకే మాటలోని అచ్చులు ఒకదానికొకటి సరిపడేలా మారడం గురించి చెప్పేటప్పుడు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తారు.

పుస్తకాల్లోకి మొదటి రూపమే ఎక్కింది. బానిసత్వం నుంచి విడుదలై, తర్వాత ఆంగ్లికన్ బిషప్ అయిన శామ్యూల్ అజయి క్రౌథర్ 1843లో యొరుబా పదకోశం అచ్చు వేయించాడు. ఆయనది ఓయో వైపు యాస. రాతభాషకు ప్రధానంగా అదే పునాది అయింది. లోకం పుట్టిందే ఇఫెలో అని యొరుబాలు చెప్పుకుంటారు, అయినా ఇఫె మేకకు నిఘంటువులో పెద్దపీట దక్కలేదు. అంతమాత్రాన దాన్ని యాస పలుకని చిన్నచూపు చూడటం అన్యాయం. పుస్తకాల రూపం కంటే నియమాన్ని ఎక్కువ దూరం పాటించింది అదే కదా!

ఇదంతా నాలుక మొదలు, అంటే గొంతు వైపు ఉండే దాని వెనక భాగం, చేసే పని. ఇరుకు అచ్చులకు అది ముందుకు జరిగి గొంతులో చోటు పెంచుతుంది, వెడల్పు అచ్చులకు వెనక్కి తగ్గుతుంది. మాట మధ్యలో అటూ ఇటూ జరగడం కంటే ఒకే భంగిమలో ఉండటం తేలిక. 2005లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధన ఒకటి అకురె, మోబా అనే రెండు యాసల అచ్చులను, ప్రామాణిక యొరుబా అచ్చులను కొలిచి పోల్చింది. ఇ, ఉ మారవనుకున్న ప్రామాణిక పలుకులో కూడా, తర్వాతి అచ్చును బట్టి అవి కొద్దిగా ఒరుగుతున్నాయి. అకురెలో స్పష్టంగా చెవికి తెలిసే మార్పు ఇక్కడ పరికరానికి మాత్రమే చిక్కేంత చిన్నది.