వివాదం ఇప్పటిది, మూలం 1911లో ఉంది

విజయనగర కాలాన్ని నేపథ్యంగా తీసుకుని రాసే చారిత్రక నవలల్లో, మాయలు మంత్రాలతో సాగే ఫాంటసీ కథల్లో ఇద్దరు పురుషుల మధ్యనో ఇద్దరు స్త్రీల మధ్యనో ప్రేమ కనిపించినప్పుడల్లా, లేదా పుట్టుకతో వచ్చిన లింగాన్ని దాటి బతికే పాత్ర కథకు కేంద్రమైనప్పుడల్లా, 'ఇది మన చరిత్ర కాదు, పడమటి దేశాల నుంచి తెచ్చి అతికించినది' అన్న ఆక్షేపణ లేస్తుంది. కర్నూలు, కడప, అనంతపురం సాహిత్య వర్గాల్లో ఆ మాట మళ్లీ వినిపిస్తోంది. నచ్చని పుస్తకాన్ని విమర్శించడంతో ఆగకుండా, అలాంటివాటిని గ్రంథాలయాల్లో పెట్టనీయరాదనే దాకా కొందరు వెళ్తున్నారు.

స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 కథ పాఠకులకు తెలిసిందే గనుక దాన్ని మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. 1862లో అమలులోకి వచ్చిన ఆ సెక్షన్ వల్ల మనుషులు భయపడి దాక్కున్నారనడం నిజమే. కానీ పాత పుస్తకాల్లో, అప్పటికే అచ్చులో ఉన్న కావ్యాల్లో కనిపించినవాళ్లు పాఠకుల జ్ఞాపకంలోంచి జారిపోవడానికి ఆ ఒక్క కారణం సరిపోదు.

1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని కారణంగా చూపేవారూ ఉన్నారు. ఆ చట్టం రెండో భాగం నపుంసకులుగా ముద్రపడినవారి పేర్లను పోలీసు రిజిస్టర్లలో ఎక్కించి, స్త్రీ వేషంలో బయట కనిపించినా, ఆడినా పాడినా శిక్షించే వీలు కల్పించింది. అయితే అది ఉత్తరాదిలోని వాయవ్య పరగణాలు, అవధ్, పంజాబ్‌ల కోసం తెచ్చిన చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీకి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో గానీ విస్తరించలేదు. ఆ ఏడాది వచ్చిన కొత్త చట్టంలో ఈ రెండో భాగం లేనే లేదు. తుంగభద్రకు అవతలి ఒడ్డున, నిజాం రాజ్యంలో మాత్రం 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, అలాంటి చట్టమే వచ్చింది. దాన్ని రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసింది. 1800లో నిజాం ఇంగ్లీషువారికి వదులుకున్న దత్తమండలాలు (కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు), 1839లో నవాబు పాలన ముగిసిన కర్నూలు మద్రాసు పాలన కిందికి వచ్చాయి గనుక ఆ రెండు చట్టాలూ వాటిని తాకలేదు. ఏటి ఆవలి గట్టున పోలీసు రిజిస్టరు చేసిన పనిని ఈ గట్టున అచ్చు పుస్తకాన్ని సంస్కరించినవారు చేశారని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అందుకే మూలం కోసం 1911నే చూడాలి.

ఆ ఏడాది మద్రాసు పోలీసులు పట్టుకుపోయిన పుస్తకం 'రాధికా సాంత్వనము'. పద్దెనిమిదో శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని దాన్ని రాసింది. నేటి వివాదంలోని స్వలింగ ప్రేమ అందులో ప్రధాన విషయం కాదన్నది ముందే చెప్పాలి. ఆ గ్రంథం మీద నడిచిన కథే ఇక్కడ ముఖ్యం. తెలుగు నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ దగ్గర పనిచేసిన పండితుల్లో ఒకడైన పైడిపాటి వెంకటనరసు దాన్ని 1887లో అచ్చువేయించినప్పుడే, కవయిత్రి తన ఇంటి స్త్రీల పరంపరను చెప్పుకున్న పీఠిక అందులో లేకుండా పోయింది. కొన్ని పద్యాలూ ఎగిరిపోయాయి. ఆ తర్వాత కందుకూరి వీరేశలింగం తన కవుల చరిత్రలో ముద్దుపళనిని తీవ్రంగా దూషించారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ మూలప్రతి సంపాదించి, ఏదీ తొలగించకుండా పరిష్కరించి, 1910లో మద్రాసు ప్రచురణకర్తలైన వావిళ్ల వారి ద్వారా వెలువరించింది. పురుషకవులు అంతకన్నా ఘాటుగా రాసినప్పుడు లేని అభ్యంతరం ఒక స్త్రీ రాసేసరికి ఎందుకొచ్చిందని ఆమె పీఠికలో అడిగింది. జవాబుగా పుస్తకం మీద నిషేధం వచ్చింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం 1947లో ఆ నిషేధాన్ని ఎత్తివేసేదాకా ముప్పై ఆరేళ్లు అది పాఠకుడికి దొరకని గ్రంథం.

ఈ ఉదంతం వల్ల ఒక్క కావ్యానికి మాత్రమే నష్టం జరగలేదు. ఏది అచ్చువేయవచ్చు, దేన్ని చుక్కలు పెట్టి వదిలేయాలి, ఏ కథను బడిలో చెప్పవచ్చు అన్న హద్దు అప్పుడే గట్టిపడింది. ఆ హద్దును గీసినవారిలో దొరలు తక్కువ, మన సంస్కర్తలూ పండితులూ ఎక్కువ. తరువాతి తరం నవలాకారులు, నాటకకర్తలు, సినిమావారు 'చరిత్ర'గా చదువుకున్నది ఆ వడపోతలో మిగిలిన చరిత్రనే. ఆ చరిత్రలో లేనిదాన్ని ఎవరైనా రాస్తే అది కల్తీలాగే కనిపిస్తుంది మరి.

ఈ వడపోతకు చిక్కకుండా బయటపడిన పుస్తకం ఒకటుంది, అదీ మన నేల మీదిదే. పదహారో శతాబ్దిలో నంద్యాల కృష్ణభూపతికి పింగళి సూరన అంకితమిచ్చిన 'కళాపూర్ణోదయం'లో పురాణం నుంచి అరువు తెచ్చుకున్న కథ లేదు. అంతా కవి కల్పనే. మణి కోసం, వీణ కోసం పడే తపన, అప్సరసల కలహం, రూపాలు మార్చుకునే గంధర్వుడు, కాలాన్ని వెనక్కీ ముందుకూ నడిపే కథనం కలిసిన ఆ కావ్యాన్ని నేటి మాటలో ఫాంటసీ నవల అనడానికి సంకోచించనక్కరలేదు. కథానాయకుడైన కళాపూర్ణుడి పుట్టుకలోనే దాని అసలు చిక్కుముడి ఉంది: అతని తండ్రి మణిస్తంభుడు పూర్వం సుగాత్రి అనే స్త్రీ, అతని తల్లి సుముఖాసత్తి పూర్వం శాలీనుడు అనే పురుషుడు. భార్య భర్త అయింది, భర్త భార్య అయ్యాడు, వారికి బిడ్డ పుట్టి రాజ్యమేలాడు. సూరన దీన్ని నవ్వులాటగా రాయలేదు. సరస్వతికి బ్రహ్మ చెప్పిన కథలో, కావ్యం మొత్తానికి ఆధారస్తంభంగా నిలబెట్టాడు. సాహిత్య విమర్శకు దారి వేసిన కట్టమంచి రామలింగారెడ్డి తన 'కవిత్వ తత్త్వ విచారము'ను ఈ కావ్యం మీదే రాశారు. అయినా సభల్లో మనం తరచుగా వినేది సిగ్గరి మొగుడి మనసును సేవతో గెలుచుకున్న ఇల్లాలిగా సుగాత్రి కథే. ఆ తర్వాత ఆమె ఏమైందో చెప్పేవారు అరుదు.

కాకతీయుల కథ దగ్గర ఇదే పాఠకలోకం ఎంత ఉదారంగా ఉంటుందో చూడాలి. రుద్రమను శాసనాలు రుద్రదేవ మహారాజు అన్నాయి. ఆమె పురుషవేషంలో కొలువుతీరిన దృశ్యాన్ని తెలుగు చారిత్రక నవలలూ సినిమాలూ ఇష్టంగా చూపాయి. కడప సీమలోని వల్లూరు రాజధానిగా ఆమెపై తిరగబడిన కాయస్థ అంబదేవుడి కథలోనూ ఆ పేరు ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు. పౌరుషం కోసం, రాజ్యం కోసం స్త్రీ పురుషుడి పేరు పెట్టుకుంటే అది వీరగాథ; ప్రేమ కోసమో తన మనసు కోసమో పెట్టుకుంటే దిగుమతి సరుకు. ఇలాంటి తూకం ఎక్కడ చేశారో ఆక్షేపకులే చెప్పాలి.

రంగస్థలం సంగతి మరీ విచిత్రం. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో సురభి నాటక సమాజం ఆడిన తొలి నాటకం 'కీచక వధ'. ఆడవేషం వేసుకుని కీచకుణ్ని చంపే భీముడు, బృహన్నలగా ఏడాది గడిపే అర్జునుడు ఉన్న కథతోనే సీమ నాటకం మొదలైందన్నమాట. ఆనాడు స్త్రీ పాత్రలు మగవారే వేసేవారు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ ఆ పద్ధతిని ఎదిరించి, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టడం స్త్రీలకు మేలుచేసిన సంస్కరణ, సందేహం లేదు. దానితోపాటే మగవాడు స్త్రీగా కనిపించడం హాస్యానికి మాత్రమే పనికొచ్చే విషయమైపోయింది. ఊళ్లలో మాత్రం అది ఆగలేదు: ఆదోని మండలం సంతెకుడ్లూరులో హోలీకి మగవారు చీరకట్టి, నగలు పెట్టుకుని రతీమన్మథులకు మొక్కు చెల్లించుకోవడం ఇప్పటికీ నడుస్తోంది.

ఇది మొక్కు మాత్రమేననీ, గుర్తింపు కాదనీ, స్త్రీపురుష మూసలకు ఒదగని లింగాన్ని, ప్రేమను సూచించే నేటి 'క్వీర్' అన్న భావనను పాతకాలపు మనుషులకు తగిలించడం చారిత్రక దోషమనీ అవతలి పక్షం అంటుంది. ఆ హెచ్చరికలో నిజముంది. విజయనగర రాణివాసం స్త్రీలు మూసిన పల్లకీల్లో బయటికి వెళ్లేటప్పుడు వెంట మూడు నాలుగు వందల మంది నపుంసకులు నడిచేవారని పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయేస్ రాశాడు గానీ, వారు తమ గురించి ఏమనుకున్నారో ఆయన రాయలేదు. చరిత్రకారుడు అక్కడ ఆగాలి. నవలాకారుడు ఆగనక్కరలేదు, ఎందుకంటే అతని పని అక్కడే మొదలవుతుంది. రాయల యుద్ధనీతిని, తిమ్మరుసు మనసులోని ఆలోచనలను ఊహించి సంభాషణలు రాసినవారిని ఆధారాలేవని ఎవరూ అడగలేదు.

అసలు పురాణాలను సాక్ష్యాలుగా నిలబెట్టే అలవాటు రెండు పక్షాలకూ 2014 తర్వాత పెరిగింది. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై ఆ ఏడాది ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, కృష్ణుడు మోహినిగా మారి పెళ్లాడిన అర్జునుడి కొడుకు అరవాన్ కథను, వనవాసానికి వెళ్తూ రాముడు హిజ్రాలకు ఇచ్చినట్లు చెప్పే వరాన్ని, మొఘల్ ఆస్థానాన్ని ఒకే వరసలో ప్రస్తావించింది. న్యాయం జరగడానికి ఆ ప్రస్తావన తోడ్పడి ఉండవచ్చు. కానీ పురాణంలో ఉంటేనే హక్కు, లేకుంటే లేదు అనే వాదానికి అది తెలియకుండానే బలమిచ్చింది. సూరన సాక్ష్యం అందుకే ఎక్కువ విలువైనది: అతను పురాణాన్ని ఆశ్రయించలేదు, ఊహించాడు, ఆ ఊహను ఒక రాజు అంకితంగా పుచ్చుకున్నాడు.

గ్రంథాలయాల నుంచి పుస్తకాలు తీసేయాలనే డిమాండు చట్టం దాకా వెళితే ఏమవుతుందన్నది ఇక మిగిలిన ప్రశ్న. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377కు బదులుగా ఏ సెక్షనూ లేదు. అశ్లీల ప్రచురణలపై పాత శిక్షాస్మృతిలో ఉన్న 292 మాత్రం 294గా కొనసాగుతోంది. నాగరత్నమ్మ నాటికీ నేటికీ ఒక తేడా ఉంది: సాహిత్యం, కళ, శాస్త్రం, విద్య వంటి ప్రజాప్రయోజనం కోసం వెలువడిన రచనలకు ఈ సెక్షన్ వర్తించదన్న మినహాయింపును పార్లమెంటు 1969లో చేర్చింది, కొత్త సంహితలోనూ అది ఉంది. 1911లో వావిళ్ల వారికి ఆ రక్షణ లేదు.