ఎన్ పూర్ణసంఖ్య అని ఎవరన్నారు?

ఎంబీఏ ప్రవేశాలకు రాసే జీమ్యాట్ లాంటి పరీక్షల్లో డేటా సఫిషియెన్సీ అని ఒక రకం ప్రశ్నలు వస్తాయి. లెక్క చేసి జవాబు రాయమనరు; ఇచ్చిన సమాచారంతో జవాబు తేలుతుందా లేదా అన్నదే అడుగుతారు. ఉదాహరణకు: √(4ఎన్) పూర్ణసంఖ్య. మరి √ఎన్ పూర్ణసంఖ్య అవుతుందా?

టైమ్ టెన్షన్‌లో ఎవరైనా ఏం చేస్తారు? ఎన్‌కి 1 పెట్టి చూస్తారు, √4 అంటే 2. తర్వాత 9 పెడతారు, √36 అంటే 6. రెండుసార్లూ కుదిరింది కదా అని "అవుతుంది" అనేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు.

ఇప్పుడు ఎన్‌కి 1/4 పెట్టండి. 4ఎన్ విలువ 1, దాని వర్గమూలమూ 1. షరతు నెగ్గింది. కానీ √ఎన్ మాత్రం 1/2. అంటే ఒకసారి అవును, ఇంకోసారి కాదు, సమాచారం చాలదు. ఎన్ పూర్ణసంఖ్య అని ప్రశ్నలో ఎక్కడా లేదు, మనమే అనేసుకున్నాం. ఇందులో ఆ అక్షరం పాత్ర కూడా ఉందని నా అనుమానం. ఎక్స్ అంటే ఏ సంఖ్యైనా కావచ్చని, ఎన్ అంటే 1, 2, 3 అని బడిలోనే అలవాటైపోయింది.

"ఎన్ ధన పూర్ణసంఖ్య" అని ఒక్క ముక్క చేరిస్తే సంగతి మారిపోతుంది. పూర్ణసంఖ్యకి వర్గమూలం పూర్ణసంఖ్యైనా అవుతుంది, కరణీయ సంఖ్యైనా (అంటే రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేనిది) అవుతుంది. మధ్యలో 1/2, 7/3 లాంటివి రావు. ఎందుకంటే కొట్టివేతలన్నీ అయిపోయిన భిన్నాన్ని వర్గం చేస్తే, పైనా కిందా కొత్తగా ఉమ్మడి కారణాంకాలేవీ పుట్టవు. హారం హారంగానే మిగులుతుంది. 7/3ని వర్గం చేస్తే 49/9, అక్కడ కొట్టేయడానికి ఏమీ లేదు. ఇక్కడ √(4ఎన్) అంటే 2√ఎన్. అది పూర్ణసంఖ్య అయితే √ఎన్ కరణీయం కాలేదు, కాబట్టి పూర్ణసంఖ్యే.

4 బదులు 3 ఉంటే? √(3ఎన్) పూర్ణసంఖ్య కావాలంటే ఎన్ 3, 12, 27 ఇలా ఉండాలి. వీటిలో దేనికీ వర్గమూలం పూర్ణసంఖ్య కాదు. √ఎన్ కూడా పూర్ణసంఖ్యే అయితే √3 రెండు పూర్ణసంఖ్యల భిన్నం అయిపోతుంది, అది కుదరదు. కాబట్టి జవాబు కచ్చితంగా "కాదు". చాలామంది ఇక్కడ సమాచారం చాలదని గుర్తు పెట్టేస్తారు. కాదని తేలినా తేలినట్టే.

అయితే "ధన" అన్న మాట తీసేసి పూర్ణసంఖ్య అని మాత్రమే ఉంచితే 0 లోపలికి వచ్చేస్తుంది. దానికి √(3ఎన్), √ఎన్ రెండూ 0, రెండూ పూర్ణసంఖ్యలే. అప్పుడు సమాచారం నిజంగానే చాలదు.