మెదడు మారుతుంది, కానీ దేనివల్ల? నేర్చుకోవడం చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

పెద్దవాళ్లు కొత్త విషయాలు నేర్చుకోవడానికి సాయపడటం నా వృత్తి. ‘ఈ వయసులో నాకింకేం వస్తుందండీ’ అంటూ వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈమధ్య ఇంకో రకం పెరిగారు: ‘మెదడు ఎలాగైనా మారుతుందట కదా, గ్రోత్ మైండ్‌సెట్ (సామర్థ్యాన్ని పెంచుకోవచ్చన్న నమ్మకం) ఉంటే చాలట’. నాకు వీళ్ల గురించే ఎక్కువ దిగులు. ఎంతో ఆశతో మొదలుపెడతారు. ఫలితం రాకపోయేసరికి, తాము సరిగ్గా నమ్మలేదేమో అని తమనే నిందించుకుంటారు.

అపోహ: చిన్నతనం దాటాక మెదడు మారదు.

వాస్తవం: లండన్‌లో నల్ల టాక్సీ నడిపే లైసెన్సు కావాలంటే సుమారు 25,000 వీధులు బుర్రలో ఉండాలి. అందుకు మామూలుగా మూడు, నాలుగేళ్లు పడుతుంది. మెదడుపై పరిశోధన చేసే ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో ఈ డ్రైవర్ల మెదళ్లను స్కాన్ చేస్తే, దారుల జ్ఞాపకంతో సంబంధమున్న హిప్పోకాంపస్ వెనుక భాగం మిగతావాళ్లకంటే పెద్దదిగా కనిపించింది. పుట్టుకతో అలా ఉన్నవాళ్లే డ్రైవర్లయ్యారేమో అన్న అనుమానం సహజం. అందుకే తర్వాత శిక్షణకు ముందొకసారి, తర్వాత ఒకసారి స్కాన్ చేశారు. 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. మొదట్లో అందరి మెదళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పరీక్ష నెగ్గినవాళ్లలో ఆ భాగం పెరిగింది, నెగ్గనివాళ్లలో పెరగలేదు. నెగ్గినవాళ్లు వారానికి పెట్టిన గంటలు మిగతావాళ్లకు దాదాపు రెట్టింపు.

ఇక్కడ మనం పట్టుకోవాల్సింది ఈ ఫలితంలోని రెండో సగాన్ని. నెగ్గినవాళ్లూ, నెగ్గనివాళ్లూ అదే శిక్షణలో చేరినవాళ్లే, పెద్దవాళ్లే. మార్పు మాత్రం సాధన ఎక్కువ చేసి, చివరిదాకా నిలబడినవాళ్లలోనే కనిపించింది.

వయసు ప్రభావం అసలే లేదని చెప్పను. కొత్త భాషను పుట్టినప్పటినుంచీ మాట్లాడినవాళ్ల యాసతో పలకడం పెద్దయ్యాక చాలా కష్టం. కానీ సగటున అరవై ఏళ్ల వయసున్నవాళ్లు బంతులు ఎగరేసి పట్టే విద్య నేర్చుకున్నప్పుడు వాళ్ల మెదళ్లలోనూ మార్పు కనిపించింది. అంతకుముందు యువకులపై 2004లో వచ్చిన ఇలాంటి అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది: మూడు నెలల సాధనతో వచ్చిన పెరుగుదల, సాధన ఆపాక తగ్గుముఖం పట్టింది.

అపోహ: గ్రోత్ మైండ్‌సెట్ అంటే ‘నేను చేయగలను’ అని గట్టిగా నమ్మడం.

వాస్తవం: ఈ మాటను ప్రచారంలోకి తెచ్చిన మనస్తత్వవేత్త కరోల్ డ్వెక్ చెప్పింది ఇంకాస్త నిర్దిష్టమైన మాట: సామర్థ్యం పెంచుకోదగినదని అనుకునేవాళ్లు దెబ్బ తగిలినప్పుడు వేరేగా ప్రవర్తిస్తారు. 1998లో ఆమె, క్లాడియా ముల్లర్ కలిసి చేసిన ప్రయోగాల్లో కొందరు పిల్లలను ‘తెలివైనవాళ్లు’ అని, కొందరిని ‘బాగా కష్టపడ్డారు’ అని మెచ్చుకున్నారు. ఆ తర్వాత కష్టమైన పజిళ్లిచ్చారు. తెలివికి మెప్పు పొందినవాళ్లు త్వరగా ఆసక్తి కోల్పోయారు, తర్వాతి సులువు పజిళ్లలోనూ వెనకబడ్డారు.

అయితే దీని బలాన్ని ఉన్నదానికంటే పెంచి చెప్పకూడదు. అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి విద్యార్థులతో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. సామర్థ్యం పెంచుకోవచ్చని చెప్పే, గంట కూడా పట్టని ఆన్‌లైన్ పాఠం వల్ల, చదువులో వెనకబడినవాళ్ల సగటు గ్రేడ్ సుమారు 0.1 పాయింటు పెరిగింది. తోటివాళ్లు కష్టమైన పనిని ఇష్టపడే బడుల్లో ఫలితం మెరుగ్గా ఉంది. అంత చిన్న పాఠానికి ఇది మంచి ఫలితమే, అద్భుతమైతే కాదు. నా అనుభవంలోనూ ఇంతే. నమ్మకం మనిషిని తప్పు దగ్గర ఇంకాసేపు కూర్చోబెడుతుంది. ఆ కాసేపట్లో ఏం చేస్తారన్నది పద్ధతి మీద ఆధారపడుతుంది.

అపోహ: సులువుగా ఎక్కుతోందంటే బాగా నేర్చుకుంటున్నట్టే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు 2006లో విద్యార్థులకు కొన్ని భాగాలు చదవమని ఇచ్చారు. కొందరు మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, చూడకుండా రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది.

మళ్లీ మళ్లీ చదివితే పేజీ కంటికి అలవాటవుతుంది. ఆ అలవాటునే వచ్చేసిందని పొరబడతాం. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లకు మొదట చెప్పేది ఒకటే: పది నిమిషాలు చదవండి, మూసేయండి, గుర్తున్నది రాయండి, తర్వాత తెరిచి సరిచూసుకోండి. అదే పని రెండు రోజులాగి మళ్లీ, వారమాగి మళ్లీ. మొదటిసారి సగం కూడా రాదు. చాలామంది అక్కడే టెన్షన్ పడి, ‘నా జ్ఞాపకశక్తి ఇంతే’ అని తేల్చేస్తారు. మైండ్‌సెట్ నిజంగా అక్కరకొచ్చేది సరిగ్గా ఆ నిమిషంలో.

అపోహ: మెదడు మారడం ఎప్పుడూ మంచికే.

వాస్తవం: కొందరు సంగీతకారులకు ఏళ్ల తరబడి సాధన తర్వాత వేళ్లు తమ మాట వినడం మానేస్తాయి. దాన్ని ఫోకల్ డిస్టోనియా అంటారు. వాళ్ల మెదడులో ఒక్కో వేలికి ఉండే చోట్లు ఒకదానిలోకి ఒకటి చొరబడినట్టు పరిశోధకులు గమనించారు. అంత తీవ్రమైనది అరుదు. కానీ తప్పు భంగిమ, తప్పు ఉచ్చారణ కూడా సాధనతోనే పాతుకుపోతాయి. అందుకే మొదట్లోనే సరిదిద్దేవాళ్లు ఒకరుండటం చాలా ముఖ్యం.

ఇంకొన్ని, క్లుప్తంగా

మెదడులో పది శాతమే వాడతామన్నది అబద్ధం. శరీర బరువులో సుమారు 2 శాతం ఉండే మెదడు, విశ్రాంతిలో కూడా మన శక్తిలో 20 శాతం దాకా ఖర్చు చేస్తుంది. ‘నేను చూసి నేర్చుకునే రకం’ అన్న విభజనకు తగ్గట్టు బోధిస్తే ఫలితం మెరుగవుతుందనడానికి గట్టి ఆధారం లేదు. బ్రెయిన్ గేములు ఆడితే ముఖ్యంగా ఆ గేముల్లోనే మెరుగవుతాం.

ఇక 21 రోజుల్లో అలవాటు పడుతుందన్న మాట. 2010లో లండన్‌లో చేసిన ఒక అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది, ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. నిన్న కుదరలేదని బాధపడుతుంటే, ఇవాళ కూర్చోండి.