4 నో ట్రంప్ అడిగేస్తే స్లామ్ వచ్చేసినట్టేనా? అపోహలు - వాస్తవాలు

బ్రిడ్జ్ ఆటలో ముక్కలు లెక్కపెట్టుకుని 20 పాయింట్లు (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1) దాటాయని తేలగానే చాలామందికి చెయ్యి ఊరుకోదు. పార్ట్‌నర్ సపోర్టు ఇచ్చాడో లేదో, 4 నో ట్రంప్ (నీ దగ్గర ఎన్ని ఆసులున్నాయని అడిగే బిడ్) అనేస్తారు. ఆరు (స్లామ్, అంటే పదమూడు ట్రిక్కుల్లో పన్నెండు గెలుస్తామన్న మాట) చెప్పి, అన్ని రాక డౌన్ అయ్యాక "ఆసులు అడిగే కదండీ వెళ్ళాను, ఇంకేం చెయ్యాలి?" అంటారు. ఏ బ్రిడ్జ్ టేబుల్ దగ్గరైనా వినబడే మాటే ఇది. కొత్తవాళ్ళని తప్పుపట్టలేం. వాళ్ళకి ముందు నేర్పేది బ్లాక్‌వుడ్ అనే ఈ 4 నో ట్రంప్ పద్ధతినే. ఎప్పుడు అడగకూడదో మాత్రం ఎవరూ చెప్పరు.

అపోహ: పెద్ద హ్యాండ్ వస్తే 4 నో ట్రంప్ అడగాలి, జవాబును బట్టి స్లామ్ ఉందో లేదో తెలుస్తుంది.

వాస్తవం: తెలియదు. ఇండియానాపొలిస్‌కి చెందిన ఈజ్లీ బ్లాక్‌వుడ్ 1933లో రూపొందించిన ఈ పద్ధతి చేసేది ఒక్కటే పని: రెండు ఆసులు ఎదుటివాళ్ళ దగ్గరుండగా స్లామ్‌కి వెళ్ళకుండా ఆపడం. పన్నెండు ట్రిక్కులు వస్తాయా అన్నది మీరు అంతకుముందే తేల్చుకోవాలి. పైగా జవాబులో ఎన్ని ఆసులో ఉంటుంది గానీ ఏ ఆసో ఉండదు. కొంప మునిగేది ఇక్కడే.

ఈ హ్యాండ్ చూడండి. స్పేడ్స్‌లో ఆసు, రాజు, రాణి, 7, 6, 4. హార్ట్స్‌లో ఆసు, రాజు, 5. డైమండ్స్ 8, 3. క్లబ్స్ రాజు, రాణి. మొత్తం 21 పాయింట్లు, చేతిలోనే తొమ్మిది ట్రిక్కులు. 2 క్లబ్స్‌తో (చాలా బలమైన హ్యాండ్ అని చెప్పే బిడ్) ఓపెన్ చేశారు, పార్ట్‌నర్ 2 డైమండ్స్ అని ఇంకేమీ చెప్పకుండా వేచి చూశాడు, మీరు 2 స్పేడ్స్, అతను 3 స్పేడ్స్ అని సపోర్టు ఇచ్చాడు. ఇప్పుడు 4 నో ట్రంప్ అన్నారు. ఒక ఆసు ఉందని జవాబు వచ్చింది.

పార్ట్‌నర్ దగ్గర స్పేడ్స్ జాకీ, 10, 5, 2. హార్ట్స్ రాణి, 4. డైమండ్స్ రాణి, 7, 5. క్లబ్స్ ఆసు, జాకీ, 6, 4 ఉన్నాయనుకోండి. డైమండ్ లీడ్ పడితే ఎదుటివాళ్ళు ఆసు, రాజు లాగేస్తారు. మీకు మిగిలేవి పదకొండు ట్రిక్కులే.

అదే స్పేడ్స్, అదే హార్ట్స్ ఉండి, డైమండ్స్ ఆసు, రాజు, 5. క్లబ్స్ 9, 6, 4, 2 అయితే? ఆరు స్పేడ్స్, మూడు హార్ట్స్, రెండు డైమండ్స్, ఒక క్లబ్. ఏ లీడ్ వచ్చినా పన్నెండు.

రెండు హ్యాండ్లలోనూ 10 పాయింట్లే, రెండింట్లోనూ ఒక్క ఆసే. జవాబూ ఒక్కటే: పాత బ్లాక్‌వుడ్‌లో 5 డైమండ్స్, 1430 కీకార్డ్‌లో (ఆసులతో పాటు తురుపు రాజునీ లెక్కపెట్టే రూపం) 5 క్లబ్స్. అంటే మీరు అడిగిన ప్రశ్న దండగ.

అడగాల్సింది డైమండ్స్ గురించి. 3 స్పేడ్స్ తర్వాత 4 క్లబ్స్ చెప్పండి. తురుపు ఖాయమైపోయింది కాబట్టి ఇది క్లబ్స్ చూపించడం కాదు, ఆ రంగులో కంట్రోల్, అంటే ఆసో రాజో సింగిల్టనో (ఒకే ముక్క) వాయిడో (ఒక్క ముక్కా లేకపోవడం) ఉందని చెప్పడం. పార్ట్‌నర్‌కి డైమండ్స్‌లో కంట్రోల్ ఉంటే 4 డైమండ్స్ అంటాడు, అప్పుడు 4 నో ట్రంప్ అడగండి, నిక్షేపంగా ఆరుకి వెళ్ళండి. లేకపోతే 4 స్పేడ్స్ అని దిగిపోతాడు, మీరూ పాస్ చెయ్యండి. ఏ రంగులోనైనా ఆసూ రాజూ లేని రెండు ముక్కలు మీ దగ్గరుండి, అక్కడ పార్ట్‌నర్ ఏమీ చూపించకపోతే 4 నో ట్రంప్ జోలికి పోవద్దు.

ఖరీదెంతో చూడండి. వల్నరబుల్‌గా (బోనస్‌లూ జరిమానాలూ పెరిగే స్థితిలో) ఉండి 6 స్పేడ్స్ ఒకటి డౌన్ అయితే 100 పోతాయి, 4 స్పేడ్స్‌లో ఆగి ఉంటే పదకొండు ట్రిక్కులకి 650 వచ్చేవి. తేడా 750, టీమ్ మ్యాచ్‌లో లెక్కకి వాడే ఇంప్స్‌లో చెబితే 13. స్లామ్ చేసినప్పుడు లాభమూ అంతే, 680 బదులు 1430. సగానికి సగం అవకాశం కూడా లేకపోతే స్లామ్ నష్టబేరమే.

వాయిడ్ ఉన్నప్పుడూ ఇదే గొడవ. మీకు హార్ట్స్ అసలు లేవు, పార్ట్‌నర్ ఒక ఆసు అన్నాడు. అది హార్ట్ ఆసు అయితే మీకు పెద్దగా ఒరిగేదేం లేదు. అక్కడా కంట్రోల్స్ చెప్పుకుంటూ పోవడమే దారి. తురుపు క్లబ్స్ అయితే ఇంకో ముప్పు: 5 డైమండ్స్ అన్న జవాబుతోనే 5 క్లబ్స్ దాటిపోతారు, వెనక్కి రావడానికి మెట్టు ఉండదు. ఏ జవాబు వస్తే ఎక్కడ ఆగాలో ముందే చూసుకోకుండా అడగొద్దు.

ఇక మిగతావి గబగబా.

"4 నో ట్రంప్ అంటే ఎప్పుడూ ఆసులే." కాదు. పార్ట్‌నర్ 1 నో ట్రంప్ (15 నుంచి 17) ఓపెన్ చేస్తే నేరుగా 4 నో ట్రంప్ అంటే "పై అంచులో ఉంటే ఆరు చెప్పు" అని. 6 నో ట్రంప్‌కి ఇద్దరివీ కలిపి 33 పాయింట్లు కావాలన్న లెక్క దీని వెనక ఉంది. అక్కడ ఆసులు కావాలంటే గెర్బర్ అనే పద్ధతిలో 4 క్లబ్స్ అనాలి.

"4 నో ట్రంప్‌కి జవాబు వచ్చాక 5 నో ట్రంప్ అంటే రాజుల్ని ఊరికే అడగడం." ఆసులన్నీ మన దగ్గరే ఉన్నాయని హామీ ఇచ్చి గ్రాండ్ స్లామ్‌కి (పదమూడు ట్రిక్కులకీ) రమ్మనడం అది. ఆసు ఒకటి తక్కువైతే ఆరు చెప్పి ఊరుకోండి.

"2 క్లబ్స్‌కి 22 పాయింట్లు తప్పనిసరి." బ్యాలెన్స్‌డ్ (అన్ని రంగులూ దాదాపు సమంగా ఉన్న) హ్యాండ్‌కి మాత్రమే: 20-21 అయితే 2 నో ట్రంప్ ఓపెన్ చేస్తారు, 22-24 అయితే 2 క్లబ్స్ చెప్పి తర్వాత 2 నో ట్రంప్. పొడుగాటి రంగు ఉంటే ట్రిక్కులు లెక్కపెట్టండి. పై హ్యాండ్‌లో 21 పాయింట్లే. పొడుగాటి డైమండ్స్, క్లబ్స్ రెండూ ఉన్న హ్యాండ్‌ని మాత్రం 22 ఉన్నా 1 డైమండ్‌తో మొదలుపెట్టడమే నయం, లేకపోతే రెండో రంగు చెప్పేసరికి నాలుగో లెవెల్‌కి చేరతారు. ఇంకోమాట: పార్ట్‌నర్ చేతిలో సున్నా ఉన్నా సరే 2 క్లబ్స్‌ని పాస్ చెయ్యకూడదు. చేతులు వణుకుతున్నా 2 డైమండ్స్ అనండి, అది ఏ ప్రమాదమూ లేని బిడ్.

"ప్రెసిషన్ ఆడితే ఈ బాధలుండవు." సి.సి. వెయ్ తయారుచేసిన ఆ బిడ్డింగ్ సిస్టమ్‌లో 16 పాయింట్లు, ఆ పైన ఉన్న ఏ హ్యాండైనా 1 క్లబ్. దానితోనే తైవాన్ జట్టు 1969లో బెర్ముడా బౌల్ (బ్రిడ్జ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్) ఫైనల్ దాకా వెళ్ళింది. హాయిగా ఉంటుంది, ఎదుటివాళ్ళు మధ్యలో 3 స్పేడ్స్ అని దూరనంతవరకు. స్లామ్ దగ్గర కంట్రోల్స్ వెతకడం అక్కడా తప్పదు.

"కన్వెన్షన్ (ముందే ఒప్పుకున్న ప్రత్యేక అర్థమున్న బిడ్) మన ఇద్దరి రహస్యం." ముమ్మాటికీ కాదు. మీ బిడ్ అర్థం అడిగే హక్కు ఎదుటివాళ్ళకి ఉంది. మామూలు టేబుల్ దగ్గర వివరించాల్సింది బిడ్ చెప్పినవాళ్ళు కాదు, వాళ్ళ పార్ట్‌నర్. ఆన్‌లైన్‌లో అయితే ఎవరి బిడ్‌కి వాళ్ళే రాస్తారు. కొత్త పార్ట్‌నర్‌తో కూర్చునే ముందు మాత్రం కీకార్డ్ జవాబులు 1430నా 0314నా అన్నది తేల్చుకోండి. 5 క్లబ్స్ అంటే మొదటిదాంట్లో ఒకటో నాలుగో, రెండోదాంట్లో సున్నానో మూడో. అడిగినవాడు సున్నా అనుకుని ఐదులో ఆగితే, మూడు పట్టుకున్నవాడు పాస్ చెయ్యకుండా ఆరుకి వెళ్ళాలి.