కప్పు మీద ఆవు: నెబ్రాస్కా గడ్డిపెళ్ల ఇళ్లపై అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాల గోడలు కొలిచి రాసుకోవడం నా పని. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, కస్టర్ కౌంటీ పేరెత్తితే చాలు, 1886లో ఫొటోగ్రాఫర్ సాలమన్ బుచర్ తీసిన రాడింగ్ కుటుంబం ఫొటో గురించి అడుగుతారు. అక్కడికి వచ్చి స్థిరపడినవారు గడ్డివేళ్లతో సహా కోసిన నేల ముక్కలతో, అంటే గడ్డిపెళ్లలతో, కట్టుకున్న ఇల్లు అందులో ఉంది. ఇంటి ముందు బల్ల, దాని మీద పుచ్చకాయ, వెనక ఆవు.

అపోహ: ఆవు ఇంటి కప్పెక్కింది.
ఎక్కలేదు. ఆ ఇంటిని గుట్ట వాలులోకి కట్టారు. ఆవు ఉన్నది గుట్ట మీద.

అపోహ: ఈ గడ్డిపెళ్ల గోడలూ మన మట్టిగోడల వంటివే.
నన్ను ఎక్కువగా విసిగించే మాట ఇది. మన పల్లెల్లో మట్టిని తడిపి, తొక్కి గోడ పెడతారు. అక్కడ తొక్కడమే లేదు. ఎన్నడూ దున్నని పచ్చిక నేలను నాగలితో పొడవాటి పట్టీలుగా కోసి, పారతో ముక్కలు చేసి, గడ్డివైపు కిందికి బోర్లించి ఇటుకల్లా పేర్చేవారు. పెళ్ల విడిపోకుండా పట్టి ఉంచేది గడ్డివేళ్ల అల్లిక. గోడ మందం రెండు మూడు అడుగులు. అందుకే చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉండేది. కప్పు సంగతి వేరు. అక్కడా గడ్డిపెళ్లలే కనుక బయట వాన వెలిసినా లోపల బురద చుక్కలు ఆగేవి కావు. మట్టీ పురుగులూ నెత్తిన రాలకుండా లోపల కప్పు కింద గుడ్డ కట్టేవారు. ఈ ఇళ్లను పొగిడేవారు గోడల దగ్గరే ఆగితే మంచిది!

అపోహ: దిక్కులేక వేసుకున్న తాత్కాలిక గుడిసెలు.
సగం నిజం. చెట్లు తక్కువ, కలప దూరం నుంచి రావాలి. కానీ కలప మోసుకురాగల రైలు 1886లోనే ఆ కౌంటీలోని బ్రోకెన్ బో ఊరికి వచ్చింది. అయినా కామ్‌స్టాక్ ఊరి దగ్గరి డౌస్ గడ్డిపెళ్ల ఇల్లు కట్టింది 1900లో. మరమ్మతులతో నిలిచిన ఆ ఇంటిని ఇప్పుడూ చూడవచ్చు. బెల్జియం నుంచి వచ్చిన ఇసిడోర్ హోమాంట్ అయితే గడ్డిపెళ్లలతో ఏకంగా రెండంతస్తులు లేపాడు.

అపోహ: ఖాళీ నేల, ఉచిత భూమి.
అమెరికా ఆదివాసులైన పానీ తెగవారు వేటాడిన నేల అది. వారు 1870ల్లో ఇప్పటి ఓక్లహోమాకు తరలిపోవలసి వచ్చింది. స్థిరపడేవారికి ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలకు రుసుములు 18 డాలర్లు. పైగా అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేయాల్సి వచ్చేది.

అపోహ: అక్కడ స్థిరపడటానికి వచ్చినవారంతా తెల్లజాతివారు.
వెస్టర్‌విల్ దగ్గర 1887లో బుచర్ తీసిన మరో ఫొటోలో జెర్రీ షోర్స్ కుటుంబం ఉంది. అతను ఒకప్పటి బానిస. అతని సోదరులు మోజెస్ స్పీస్, హెన్రీ వెబ్ కూడా అక్కడే స్థిరపడ్డారు. బానిసలుగా ఉన్నప్పటి యజమానుల నుంచి ఒక్కొక్కరికి ఒక్కో ఇంటిపేరు వచ్చింది. పేర్ల జాబితా మాత్రమే చూస్తే ఈ ముగ్గురూ అన్నదమ్ములని పట్టుకోలేం.